క్లిప్‌లెస్ పెడల్స్: షూ పెడల్‌కు లాక్ చేస్తే సైకిల్ వేగం పెరుగుతుందా?

రోడ్ సైకిల్ కొన్న కొన్నాళ్లకు చాలామందికి ఎదురయ్యే ప్రశ్న: క్లిప్‌లెస్ పెడల్స్‌కు మారాలా, వద్దా?

ముందు ఆ పేరే తికమక పెడుతుంది. ఒకప్పుడు రేసర్లు పెడల్ మీది లోహపు క్లిప్‌లోకి పాదం దూర్చి, పట్టీతో బిగించుకునేవారు. ఆ క్లిప్ పోయింది కాబట్టి ‘క్లిప్‌లెస్’. ఇప్పుడు షూ అడుగున ఉండే క్లీట్ పెడల్‌లోకి లాక్ అవుతుంది. స్కీయింగ్ పరికరాలు తయారుచేసే ఫ్రెంచ్ కంపెనీ లుక్ 1984లో వీటిని తెచ్చింది. మరుసటి ఏడాది బెర్నార్ ఇనో వీటితోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచారు.

వేగం పెరుగుతుందా?

నిలకడగా తొక్కేటప్పుడు శక్తి పెద్దగా ఆదా కాదని ప్రయోగాల్లో తేలింది. అసలు లాభం వేరు. గతుకుల్లో, స్ప్రింట్‌లో పాదం జారదు. గట్టి సోల్ వంగదు కాబట్టి పెడల్ అరికాలికి గుచ్చుకోదు.

మోకాలి సంగతేంటి?

నిమిషానికి 80 సార్లు తొక్కితే గంటకు 4,800 సార్లు. క్లీట్ వంకరగా ఉంటే అన్నిసార్లూ ఆ భారం మోకాలిపైనే. అందుకే కొత్తవారికి పాదాన్ని కాస్త కదలనిచ్చే క్లీట్లు మేలు. షిమానో ఎస్‌పీడీ-ఎస్ఎల్ రకంలో పసుపు క్లీట్ 6 డిగ్రీలు కదలనిస్తుంది, ఎరుపుది అసలు కదలనివ్వదు.

పడిపోకుండా ఎలా?

పాదాన్ని పైకి లాగితే లాక్ ఊడదు, మడమను బయటికి తిప్పాలి. సిగ్నల్ దగ్గర ఆగాక కాదు, ఆగకముందే ఒక పాదం విడిపించుకోవాలి. స్ప్రింగ్ బిగువు తగ్గించి, గోడ పట్టుకుని ఇంట్లోనే అలవాటు చేసుకోండి. అడుగడుగునా ఆగాల్సిన నగర ట్రాఫిక్‌లో మాత్రం మామూలు పెడల్సే నయం.