పార్సెలు చేరలేదా? రసీదు పదిలం!

కట్టంగూర్: బిడ్డ పై దేశంలో ఉంటే తల్లి ఊరుకోదు. హైదరాబాద్ - విజయవాడ జాతీయ రహదారి మీది ఈ మండల కేంద్రమైనా, లోపలి పల్లెలైనా అంతే. మామిడికాయ తొక్కు, సకినాలు, నువ్వుల లడ్డూలు డబ్బాలో సర్ది పార్సెలు కడుతుంది. అది కట్టడం ఒక ఎత్తు, చేరకపోతే జాడ తీయడం ఒక ఎత్తు. తొక్కు పోతే మళ్ళీ పెట్టుకోవచ్చు. అదే డబ్బాలో పెట్టిన అసలు సర్టిఫికెట్లు పోతే కొడుకు నౌకరీకే ఎసరు.

పోయిందా, ఆగిందా?

చేరని పార్సెలు అంతా పోయినట్టు కాదు. 2025లో ఇదే జరిగింది. అమెరికాలో కస్టమ్సు సుంకం నిబంధనలు మారడంతో ఆ దేశానికి వెళ్ళే పార్సెళ్ళను భారత తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి నిలిపివేసింది. అక్టోబరు 15న తిరిగి మొదలుపెట్టింది. ఈ మధ్య కాలంలో దసరా వచ్చి పోయింది. పండుగ పిండివంటలు అందని ఇళ్ళలో కంగారు పుట్టింది గాని, అక్కడ తప్పు పోస్టుమాన్‌ది కాదు.

గల్ఫ్ దేశాల సంగతి వేరు. దుబాయి వంటి చోట ఉత్తరాలు, పార్సెళ్ళు ఎక్కువగా పోస్టు బాక్సు నంబరుకే చేరతాయి. క్యాంపులో ఉండే కూలీకి సొంత బాక్సు ఉండదు, కంపెనీ బాక్సే గతి. ఆ నంబరు, కంపెనీ పేరు, మనిషి ఫోను నంబరు సరిగా రాయకపోతే పార్సెలు అక్కడే పడి ఉంటుంది, లేదా వెనక్కి వస్తుంది. ఇక గసగసాలు పెట్టడం ప్రమాదకరం. యు.ఎ.ఇ., సౌదీ అరేబియాల్లో అవి నిషిద్ధం. పార్సెలు పట్టుబడడమే కాదు, అందుకునేవాడు కేసులో ఇరుక్కోవచ్చు.

నంబరులోనే జాడ

రసీదు మీది నంబరులో ముందు రెండు అక్షరాలు, నడుమ తొమ్మిది అంకెలు, చివర దేశం గుర్తు ఉంటాయి. మన దేశం నుంచి వెళ్ళినదానికి చివర 'ఐ.ఎన్.' అని ఉంటుంది. ఈ పద్ధతి అంతర్జాతీయ తపాలా సమాఖ్యది. 1874లో ఏర్పడిన ఆ సమాఖ్యలో భారత్ 1876లోనే చేరింది. కనుక మన ఊళ్ళో ఇచ్చిన నంబరుతోనే అవతలి దేశపు తపాలా శాఖ దగ్గర కూడా జాడ చూడవచ్చు.

ఫిర్యాదు చేయవలసింది సాధారణంగా పంపినవారే. కొడుకు అక్కడ ఎంత తిరిగినా, దర్యాప్తు ఇక్కడి పోస్టాఫీసు నుంచే మొదలు కావాలి. పంపిన మరునాటి నుంచి ఆరు నెలల లోపు అడగాలి. రసీదు, కస్టమ్సు పత్రం ప్రతి, లోపలి వస్తువుల పట్టిక దగ్గర ఉంచుకోవాలి.

పరిహారం అంటే పోయిన సొమ్మంతా చేతికి వస్తుందని కాదు. 1898 నాటి తపాలా చట్టం స్థానంలో వచ్చిన 2023 చట్టం 2024 జూన్ 18 నుంచి అమలులో ఉంది. నిబంధనల్లో చెప్పిన మేరకే శాఖకు బాధ్యత అన్న సూత్రం అందులోనూ ఉంది. విలువైన వస్తువుకు బీమా చేయించడం అందుకే మేలు. నిషిద్ధ వస్తువును కస్టమ్సు జప్తు చేస్తే మాత్రం పరిహారం రాదు.

అసలు సర్టిఫికెట్లను తినుబండారాల డబ్బాలో పెట్టకుండా, వేరుగా నంబరు ఉండే తపాలాలో పంపడం క్షేమం. ప్రతులు ముందే తీసి ఉంచాలి. రసీదును దేవుడి పటం వెనుక దోపి మరచిపోరాదు. దాని ఫొటో ఆనాడే బిడ్డకు పంపితే, ఇటు తల్లికీ అటు కొడుక్కీ లెక్క ఒకటే ఉంటుంది. ఆరు నెలలు దాటాక దొరికిన రసీదు ఉత్త కాగితమే.