మడతబందు ఖరీదు

పిల్లలు చేతబట్టుకుని చదువుకునే, రాసుకునే కంప్యూటర్ ఎలా ఉండాలో ఆలన్ కే 1972లోనే రాసిపెట్టారు. ఆయన అప్పుడు జెరాక్స్ సంస్థ పార్క్ పరిశోధనశాలలో ఉన్నారు. యంత్రం నోట్‌బుక్ అంతే ఉండాలి, రెండు కిలోల లోపే తూగాలి, 500 డాలర్లకు దొరకాలి. దానికి డైనాబుక్ అని పేరు పెట్టారు. అల్మారా అంత కంప్యూటర్లున్న ఆ రోజుల్లో అది అట్ట నమూనాగానే మిగిలింది.

2010లో వచ్చిన ఐప్యాడ్ ధర 499 డాలర్లు, బరువు 680 గ్రాములు. అంకెలు కుదిరాయి. కానీ డైనాబుక్ బొమ్మలో ఉన్న కీబోర్డు ఇందులో లేదు. టాబ్లెట్ కొనాలా, ల్యాప్‌టాప్ కొనాలా అని ఈనాటికీ తేలని సందేహమంతా ఆ కీబోర్డు దగ్గరే ఉంది.

రెంటినీ కలిపే ప్రయత్నాలు ఐప్యాడ్ కంటే ముందువి. 2002లో మైక్రోసాఫ్ట్ టాబ్లెట్ పీసీల కోసం విండోస్ ఎక్స్‌పీకి ప్రత్యేక రూపం విడుదల చేసింది. అలాంటి పీసీల్లో ఒకటైన ఏసర్ ట్రావెల్‌మేట్ సీ100లో తెరకు నడుమ ఒకే బందు. తెరను తిప్పి కీబోర్డు మీద పరిస్తే పలక తయారు. అయితే వేలితో తాకితే పలికేది కాదు. తెర వెనకున్న విద్యుదయస్కాంత పొర ప్రత్యేకమైన పెన్ను జాడను మాత్రమే పట్టేది.

అసలు మలుపు 2012లో లెనోవో యోగాతో వచ్చింది. దాని బందులో రెండు ఇరుసులు. ఒక్కొక్కటి 180 డిగ్రీలు తిరిగితే తెర పూర్తిగా వెనక్కి వెళ్లిపోతుంది. చెప్పినంత తేలిక కాదిది. బందు వదులైతే వేలితో నొక్కినప్పుడల్లా తెర ఊగుతుంది, బిగువైతే మూత తెరుస్తుంటే అడుగు భాగమూ లేస్తుంది. ఆ రాపిడిని ఏళ్ల తరబడి ఒకే తీరున నిలపాలి. 2014 నాటి యోగా 3 ప్రో బందులో 800కు పైగా ఉక్కు, అల్యూమినియం ముక్కలున్నాయి. ఇంత పనితనం చవగ్గా రాదు.

అందుకే ఇలా మడిస్తే పలకయ్యే ల్యాప్‌టాప్, అంటే కన్వర్టిబుల్, తక్కువ ధరలో వస్తే కోత చాలాసార్లు కంటికి కనబడని చోట పడుతుంది: 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, రెండూ బోర్డుకే అతికించి. విండోస్ 11 కనీసం కోరేదే అంత. ఇక పెంచుకునే దారి ఉండదు.

చవక టాబ్లెట్‌కూ హద్దుంది. విద్యార్థులకు చవగ్గా అందించాలని హైదరాబాద్‌లో కూర్చిన ఆకాశ్ టాబ్లెట్‌ను కేంద్ర ప్రభుత్వం 2011 అక్టోబరులో విడుదల చేసింది. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితేనే స్పందించే తెర. ఆశయం గొప్పది, యంత్రం చాలలేదు. మరుసటి ఏడు ఆకాశ్ 2కు మెరుగైన తెర, 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ పెట్టాల్సి వచ్చింది.

పాఠాలు చదవడానికి, వీడియోలు చూడడానికైతే మధ్యరకం టాబ్లెట్ చాలు. బ్లూటూత్ కీబోర్డు తర్వాత కొనుక్కోవచ్చు. కోడింగ్, ట్యాలీ నేర్చుకునేవారికి అదే డబ్బుతో మామూలు ల్యాప్‌టాప్ మేలు. రోజూ పెన్నుతో లెక్కలు, బొమ్మలు వేసేవారికే కన్వర్టిబుల్ అక్కరకొస్తుంది. వారు కొత్త చవకరకం కంటే ఆఫీసుల్లో వాడిన మంచి మోడల్‌ను చూడడం నయం. కొనేముందు మాత్రం తెరను పూర్తిగా వెనక్కి తిప్పి, మూలల్లో నొక్కి చూడాలి. ఆ స్థితిలో కీబోర్డు పనిచేయడం మానేస్తోందో లేదో కూడా పరీక్షించాలి.