సన్నపు నరం, సలాం మూర్ఛ

మెదడు నుంచి నేరుగా బయల్దేరే కపాల నాడులు 12 జతలు. ఈ చిన్న లెక్క తేలడానికి పదహారు వందల ఏళ్లు పట్టింది. రోమన్ల కాలపు వైద్యుడు గాలెన్ 7 జతలన్నాడు. 1664లో ఇంగ్లండులో థామస్ విల్లిస్ 9 దాకా వచ్చాడు. ఆయన పుస్తకానికి బొమ్మలు గీసిన క్రిస్టఫర్ రెన్ ఆ తర్వాత లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్ కట్టిన ఆర్కిటెక్టుగా పేరు పొందాడు. చివరికి 1778లో శామ్యూల్ థామస్ సోమరింగ్ అనే 23 ఏళ్ల జర్మన్ కుర్రాడు తన డాక్టరేట్ థీసిస్‌లో 12 అని తేల్చాడు. నేటికీ వైద్య విద్యార్థులు బట్టీపట్టేది ఆ వరసే.

వీటిలో అన్నిటికన్నా లావైనది ముఖానికి స్పర్శనిచ్చే ఐదోది. అన్నిటికన్నా సన్నది దాని పక్కనున్న నాలుగోది. మెదడు కాండం వెనక వైపు నుంచి బయటికొచ్చేది 12లో ఇదొక్కటే. పైగా కుడి వైపున పుట్టి ఎడమ కంటికి, ఎడమ వైపున పుట్టి కుడి కంటికి పోతుంది. ఇంతా చేసి ఇది కదిపేది కంటికి ఒక్క కండరాన్నే. పుట్టుకతో ఈ నరం బలహీనంగా ఉన్న పిల్లలు, ఒకే వస్తువు రెండుగా కనబడకుండా తలను ఓ పక్కకు వాల్చి చూస్తారు. ఇంట్లోవాళ్లు అదేదో అలవాటనుకుంటారు. అందుకే ఇలాంటి పిల్లలొస్తే కంటి డాక్టరు పాత ఫొటోలు అడుగుతారు. ఉయ్యాల ఫొటోలోనూ, పుట్టినరోజు ఫొటోలోనూ తల అటే వాలి ఉంటే సగం రోగ నిర్ధారణ అయినట్టే.

పొడవులో రికార్డు పదో నాడిది. దాని పేరు వేగస్. తలలో మొదలై గుండెనూ ఊపిరితిత్తులనూ పలకరించి పెద్దపేగు దాకా దిగుతుంది. గొంతు పెట్టెకు వెళ్లాల్సిన దీని ఎడమ కొమ్మ సరాసరి వెళ్లదు. ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద ధమని కింద చుట్టు తిరిగి, మళ్లీ పైకెక్కుతుంది. జిరాఫీలో ఈ తిరుగుడు 4 మీటర్లు దాటుతుంది. పసిబిడ్డలకు గుండె దగ్గరి రక్తనాళం మూసే ఆపరేషన్ చేసినప్పుడు, కోత పడింది ఛాతీలోనైనా కొందరికి ఏడుపు బొంగురుపోయేది ఈ చుట్టుదారి వల్లే. ఇదే వేగస్‌కు చెవి రంధ్రంలోనూ ఓ చిన్న కొమ్మ ఉంది. చెవి శుభ్రం చేస్తుంటే కొందరు పిల్లలు ఖళ్లున దగ్గుతారు. గొంతులో ఏమీ ఉండదు, దగ్గించింది చెవే.

పిల్లలు గుక్కపట్టి ఏడ్చి, నీలంగా మారి వేలాడిపోవడం చూసి గుండె జారని తల్లి ఉండదు. కొందరు నీలంగా కాక తెల్లగా పాలిపోతారు. అప్పుడు వేగస్ గుండెను కొన్ని క్షణాలు మరీ నెమ్మదింపజేస్తుంది. రెండూ మూర్ఛ కావు, బడి ఈడుకు చాలావరకు తగ్గిపోతాయి. విచిత్రం ఏమిటంటే, ఇలాంటి పిల్లల్లో చాలామందికి రక్తంలో ఇనుము తక్కువగా ఉంటుంది. ఐరన్ చుక్కలు వేస్తే గుక్కలు తగ్గుతాయి.

బిడ్డ పాలు తాగడం చూడటానికి అతి తేలిక పని. నాడుల లెక్కలో మాత్రం 5, 7, 9, 10, 12 కలిసి చీకడం, మింగడం, ఊపిరి తీయడం ఒక తాళంలో నడపాలి. సుమారు 34 వారాలకు ముందే పుట్టినవాళ్లకు ఈ తాళం కుదరదు కాబట్టే గొట్టంతో పాలు పడతారు. ఎప్పుడో ఒకసారి ఇక్కడ వైరింగు తప్పుతుంది. దవడ కదిపే ఐదో నాడి కొమ్మ, రెప్ప ఎత్తే కండరానికి తగులుకుంటుంది. అప్పుడు బిడ్డ చప్పరించినప్పుడల్లా వాలి ఉన్న ఒక రెప్ప టపటపా పైకి లేస్తుంది. 1883లో రాబర్ట్ మార్కస్ గన్ అనే కంటి వైద్యుడు దీన్ని రాశాడు, ఆయన పేరే మిగిలింది. అంతకుముందు చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లులు ఎందరు చూసి ఉంటారో!

ఇక వినికిడి నాడి సంగతి. అది మొదలయ్యే చోట, పుట్టేనాటికే పెద్దవాళ్ల కొలతకు చేరిపోయే అవయవం ఉంది. అది లోపలి చెవిలోని నత్తగుల్ల, అంటే కాక్లియా. అది ఇక పెరగదు గనుకనే ఏడాది బిడ్డకు కూడా కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టగలుగుతున్నారు. మన ఆరోగ్యశ్రీలోనూ పిల్లలకు ఈ ఆపరేషన్ ఉంది.

ఇక జబ్బుల సంగతి. పిల్లల్లో అతి సాధారణమైన ఫిట్స్ జ్వరంతో వచ్చేవి. 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు వయసులో నూటికి 2 నుంచి 5 మందికి వస్తాయి. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం ఇంకా చాలా ఇళ్లలో నడుస్తూనే ఉంది. చాలా ఫిట్స్ ఎలాగూ కొద్ది నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, పేరు ఇనుముకు పోతుంది. చేయాల్సింది పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ కుక్కకపోవడం, గడియారం చూడటం. 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఓ రకం మూర్ఛ కొన్ని సెకన్లదే. పిల్ల మాట మధ్యలో ఆగి, శూన్యంలోకి చూసి, మళ్లీ అందుకుంటుంది. రోజుకు పదులసార్లు, ఒక్కోసారి వందల సార్లు. బడిలో పరధ్యానం అని మొట్టికాయలు పడతాయి. దీన్ని పట్టేందుకు డాక్టరు చేసే పరీక్షకు ఖర్చు లేదు. ఓ కాగితం ముందు పట్టి మూడు నిమిషాలు ఊదుతూ ఉండమంటారు. ఊదుతూ ఊదుతూ పిల్ల ఆగిపోతుంది.

మనస్తత్వ శాస్త్రానికి మారుపేరైన సిగ్మండ్ ఫ్రాయిడ్ మొదట్లో పిల్లల నరాల డాక్టరు. మెదడులో తేడా వల్ల పిల్లల కదలికలు దెబ్బతినే సెరిబ్రల్ పాల్సీపై 1897లో పెద్ద గ్రంథమే రాశాడు. కష్టమైన కాన్పే దీనికి మూలమని ఇంగ్లండు వైద్యుడు లిటిల్ చెబితే, కడుపులో ముందే ఏదో తేడా వచ్చినందువల్లే కొన్నిసార్లు కాన్పు కష్టమవుతుందేమోనని ఫ్రాయిడ్ అనుమానించాడు. ‘పుట్టగానే ఏడవలేదు, అందుకే’ అని నేటికీ కాన్పు చేసినవాళ్లను నిందిస్తుంటారు. చాలా కేసుల్లో ఫ్రాయిడ్ అనుమానమే నిజమని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. కలల సంగతేమో గానీ, ఈ విషయంలో ఆయన గురి తప్పలేదు.

పిల్లల మూర్ఛల్లో చూపుకు అతి మోసకరమైనది సలాం మూర్ఛ. ఏడాది లోపు బిడ్డ, ఎక్కువగా నిద్ర లేచాక, వంగి సలాం కొట్టినట్టు తలా చేతులూ ముందుకు విసురుతుంది. ఒకటి కాదు, వరసగా పదీ ఇరవై. ఇంట్లో కడుపునొప్పి అనో ఉలికిపాటు అనో అనుకుంటారు. 1841లో విలియం జేమ్స్ వెస్ట్ అనే ఇంగ్లిష్ డాక్టరు ‘లాన్సెట్’ పత్రికకు ఉత్తరం రాశాడు. అందులోని రోగి ఆయన సొంత కొడుకు. జలగలు పట్టించాడు, చిగుళ్లు కోయించాడు, ఏదీ పనిచేయక తోటి వైద్యులను సాయమడిగాడు. జబ్బుకు ఆ తండ్రి పేరే పెట్టారు. నేడు హార్మోను సూదులు, స్టిరాయిడ్లు, విగాబాట్రిన్ ఉన్నాయి. ఎంత త్వరగా మొదలైతే బిడ్డ ఎదుగుదలకు అంత మేలు. డాక్టరు ముందు ఆ సలాములు రాకపోవచ్చు కాబట్టి, వచ్చినప్పుడే ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్లాలి, అదీ ఆ రోజే.