ఒక చెయ్యా? రెండు చేతులా?

సినిమాలో పోలీసు అధికారి పిస్తోలును రెండు చేతులా పట్టుకొని గురి చూస్తాడు. ఒలింపిక్ పోటీల్లోనేమో క్రీడాకారుడు ఒక చెయ్యి చాచి, రెండో చెయ్యి జేబులో పెట్టుకొని కాలుస్తాడు! గురి దేనితో బాగా కుదురుతుంది?

ఒక చిన్న ప్రయోగం చేయండి. లీటరు సీసాలో ముప్పాతిక వరకు నీళ్ళు పోసి, ఒక చెయ్యి బారచాచి పట్టుకోండి. కాసేపటికే నీటి మట్టం కదలాడుతుంది. ఇప్పుడు రెండు చేతులతో పట్టుకోండి. కదలిక తగ్గుతుంది. ఎందువల్ల?

మన కండరాలు పూర్తిగా నిశ్చలంగా ఉండలేవు. వాటిలోని పోగులు వంతులవారీగా ముడుచుకొంటూ, సడలుతూ ఉంటాయి. అందుకే చాచిన చెయ్యి సెకనుకు సుమారు 10 సార్లు సన్నగా వణుకుతుంది. ఊపిరి, గుండె చప్పుడు దీనికి తోడవుతాయి. రెండో చెయ్యి కలిస్తే బరువును పంచుకొంటుంది. రెండు చేతులూ, ఛాతీ కలిసి ఒక త్రిభుజమవుతాయి. త్రిభుజం తేలికగా వంగదు. పెంకుటింటి కప్పు మోసే కర్రలను గమనించండి, మీకే తెలుస్తుంది. పిస్తోలు వెనక్కు తన్నినప్పుడు కూడా రెండో చెయ్యి కాచుకొంటుంది.

అయితే ప్రతి కదలికా ఒకే విధంగా గురి తప్పించదు. పిస్తోలు దిశ మారకుండా 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగిందనుకోండి. గుండు కూడా 5 మిల్లీమీటర్ల పక్కనే తగులుతుంది. కాని మణికట్టు ఒక్క డిగ్రీ తిరిగితే? 10 మీటర్ల దూరంలో గుండు దాదాపు 17 సెంటీమీటర్లు తప్పిపోతుంది! 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీలో 10 పాయింట్ల వలయం అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. అంటే గుండు అసలు గురి కాగితానికే తగలదన్నమాట.

రెండో చెయ్యి ఈ తిరుగుడును కూడా కొంత ఆపుతుంది. ఒంటిచేతి క్రీడాకారుడికి ఆ సాయం లేదు. కనుక అతడు మణికట్టును బిగించి, గొట్టం కొసనున్న మొనను వెనక గాడి నడుమ నిలిపి, మీటను మెల్లగా నొక్కుతాడు. చెయ్యి కొద్దిగా ఊగినా దిశ మారనివ్వడు. ఇది ఏళ్ళ తరబడి సాధనతో వచ్చే విద్య.

గుర్రపు రౌతుకు ఒక చేత కళ్ళెం ఉండేది. కనుక పిస్తోలును ఒంటిచేతనే పట్టేవాడు. 1950ల చివర అమెరికాలో జాక్ వీవర్ అనే పోలీసు అధికారి రెండు చేతుల పట్టుతో పోటీలు గెలిచాక, ఆ పద్ధతి పోలీసులలో వ్యాపించింది. ఒలింపిక్స్‌లో మాత్రం ఒంటిచేతి నియమమే నిలిచింది. కష్టాన్ని జయించటమే కదా ఆట!

హంగరీ సైనికుడు కారొలీ టకాచ్ కుడి చెయ్యి 1938లో గ్రెనేడు పేలి ఛిద్రమైంది. ఆయన ఎడమచేతితో మొదటినుంచి నేర్చుకొని 1948, 1952 ఒలింపిక్స్‌లో స్వర్ణ పతకాలు సాధించాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన మను భాకర్ ఎయిర్ పిస్తోలులో కాంస్యం గెలిచింది కూడా ఒంటిచేతితోనే.