సొంత పేరు కోసం పదేళ్ళు: పీఎస్‌ఎమ్ కథ

ఈ వారం ఎపిసోడ్‌లో పార్టీ సోషలిస్ మలేషియా, అంటే పీఎస్‌ఎమ్ గురించి మాట్లాడుకున్నాం. మాటల్లో తేదీలు గబగబా దాటిపోయాయి, అందుకే ఇక్కడ వరసగా రాస్తున్నాను. పూర్తి ట్రాన్‌స్క్రిప్ట్ కింద ఉంది.

ముందు ఎస్టేట్ల సంగతి చెప్పాలి. రబ్బరు, పామాయిల్ తోటల్లో మన తెలుగువాళ్ళు, తమిళులు తరాలుగా పనిచేశారు కదా. వాళ్ళుండే లైను ఇళ్ళు కంపెనీవి. తోట అమ్మేస్తే పనీ పోతుంది, ఇల్లూ పోతుంది. 1980, 90ల్లో చాలా తోటలు హౌసింగ్ కాలనీలుగా మారిపోయాయి. అప్పుడు కూలీలకి నష్టపరిహారం, మారు ఇల్లు ఇవ్వాలని కొన్ని చిన్న బృందాలు పోరాడాయి. పెరాక్‌లోని సుంగై సిపుట్‌లో పనిచేసిన అలైగళ్ వాటిలో ఒకటి. అలైగళ్ అంటే తమిళంలో అలలు. ఇలాంటి బృందాలు కలిసి 1998లో పార్టీ పెట్టాయి.

పెట్టారు గానీ, ప్రభుత్వం రిజిస్టర్ చేయలేదు. 1948 నుంచి 1960 దాకా సాగిన ఎమర్జెన్సీ తర్వాత ఈ దేశంలో సోషలిస్ట్ అన్న మాటకే అనుమానం. దేశ భద్రతకి ముప్పు అన్నారు. పార్టీ కోర్టుకెళ్ళింది. గుర్తింపు వచ్చేసరికి 2008 అయింది.

అదే ఏడాది మార్చిలో ఎన్నికలు. సొంత గుర్తు లేదు కాబట్టి పీకేఆర్ గుర్తు మీద నిలబడ్డారు. ఛాతీ వైద్యుడు డాక్టర్ జయకుమార్ దేవరాజ్ మూడో ప్రయత్నంలో, 1974 నుంచి సుంగై సిపుట్‌లో గెలుస్తూ వచ్చిన ఎంఐసీ నాయకుడు సామివేలుని ఓడించారు. 2013లోనూ అదే గుర్తు మీద నెగ్గారు. మధ్యలో 2011లో, బెర్సిహ్ ర్యాలీకి ముందు, పార్టీవాళ్ళు 30 మందిని అరెస్టు చేశారు. జయకుమార్‌తో కలిపి ఆరుగురిని విచారణ లేకుండా దాదాపు నెలరోజులు నిర్బంధంలో ఉంచారు.

2018లో పొత్తు కుదరలేదు. ఈసారి సుంగై సిపుట్‌లో పీకేఆర్ తన మనిషినే నిలబెట్టింది. జయకుమార్ తన పార్టీ గుర్తయిన పిడికిలి మీద పోటీ చేస్తే దాదాపు పదిహేను వందల ఓట్లే వచ్చాయి. పార్టీ నిలబడ్డ ఏ సీటూ రాలేదు.

మరి అరువు గుర్తుతోనే ఉండిపోవాల్సిందా? నా మటుకు నాకు అలా అనిపించదు. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళే గెలిచే పద్ధతిలో, ప్రభుత్వం మారాలనుకున్న జనం చిన్న పార్టీకి ఓటేసి వృథా చేసుకోరు. పదేళ్ళు ఆసుపత్రి, ఇల్లు, జీతం అంటూ తిరిగిన ఎంపీకి కూడా ఆ లెక్కే ఎదురైంది. కానీ ఈ పార్టీ ఏళ్ళ తరబడి అడిగిన కనీస వేతనం 2013లో 900 రింగిట్‌తో అమల్లోకొచ్చింది. అది ఒక్క పీఎస్‌ఎమ్ ఘనతే అనను. గెలవని పార్టీ పని కూడా ఎక్కడో ఒకచోట చేరుతుందని మాత్రం అంటాను.

మీ ఇంట్లో ఎస్టేట్ వదిలి వచ్చినవాళ్ళుంటే, అప్పుడు ఇంటి సంగతి ఎలా తేలిందో అడిగి వాయిస్ మెసేజ్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాను.