కాలేయం గట్టిదనాన్ని కొలిచే పరీక్ష

హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మద్యం, ఫ్యాటీ లివర్: కారణం ఏదైనా ఏళ్ల తరబడి వాపు సాగితే కాలేయంలో పీచులాంటి మచ్చలు పేరుకుంటాయి. ఇదే ఫైబ్రోసిస్. ముదిరితే సిరోసిస్. మెత్తగా ఉండాల్సిన కాలేయం ఇలా బిగుసుకుపోతున్నా చాలాకాలం నొప్పి ఉండదు.

మచ్చ ఎంతవరకు పాకిందో తేల్చడానికి ఒకప్పుడు బయాప్సీయే దిక్కు. సూదితో తీసే ఆ ముక్క మొత్తం కాలేయంలో దాదాపు 50 వేలవ వంతు. పక్కనే మచ్చలు దట్టంగా ఉన్నా సూదికి తగలకపోతే లెక్కలోకి రావు. పైగా నొప్పి, అరుదుగా రక్తస్రావం. అలాంటి పరీక్షను పదేపదే చేయించుకోమనడం భావ్యం కాదు. మామూలు అల్ట్రాసౌండ్ స్కాన్‌కు తొలిదశ ఫైబ్రోసిస్ చిక్కదు.

ఈ లోటు తీర్చినది కాలేయం గట్టిదనాన్ని బయటి నుంచే కొలిచే ఎలాస్టోగ్రఫీ. అందులో ఎక్కువగా వినిపించే పేరు ఫైబ్రోస్కాన్, ఫ్రాన్స్‌కు చెందిన ఎకోసెన్స్ సంస్థ యంత్రం. పేషెంటు వెల్లకిలా పడుకుని కుడిచేతిని తల కింద పెట్టుకుంటే, కుడివైపు పక్కటెముకల నడుమ జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తారు. బటన్ నొక్కగానే వేలితో తట్టినట్టు చిన్న అదురు తెలుస్తుంది. ఆ అదురు కాలేయంలోకి నెమ్మదైన అలగా సాగుతుంది. దానికంటే ఎన్నో రెట్లు వేగంగా వెళ్లే అల్ట్రాసౌండ్ ఆ అల వెంటబడి, దాని వేగాన్ని లెక్కగడుతుంది. కణజాలం గట్టిపడేకొద్దీ అల వేగం పెరుగుతుంది. వేగం రెట్టింపైతే గట్టిదనం నాలుగింతలైనట్టు లెక్క. ఫలితాన్ని కిలోపాస్కల్‌లలో చెబుతారు. కనీసం పది కొలతలు తీసి, వాటి మధ్యస్థ విలువను రాస్తారు. అవి ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే ఆ ఫలితాన్ని నమ్మకూడదు. ఇంతా కలిపి పది నిమిషాల పని. పరిశీలనకు వచ్చే భాగం బయాప్సీ ముక్క కంటే సుమారు వంద రెట్లు పెద్దది.

ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో 8 కిలోపాస్కల్‌ల లోపు వస్తే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం తక్కువ. 12 దాటితే అనుమానం బలపడుతుంది. సిరోసిస్ దశలో ఉన్నవారికి ఇంకో మేలు ఉంది: కొలత 20 లోపు ఉండి, ప్లేట్‌లెట్లు లక్షా 50 వేలు దాటితే, అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాల కోసం చేసే ఎండోస్కోపీని చాలామందికి వాయిదా వేయవచ్చు. కొత్త యంత్రాలు కాలేయంలో కొవ్వు ఎంతుందో కూడా అంచనా వేసే సీఏపీ కొలతను అదే సమయంలో ఇస్తాయి.

అయితే అంకె పెరిగిన ప్రతిసారీ మచ్చే కారణం కాదు. భోజనం చేయగానే కాలేయానికి రక్తప్రవాహం పెరిగి కొలత ఎక్కువ చూపుతుంది. అందుకే కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు. ఈ నియమాన్ని తేలిగ్గా తీసుకుంటే లేని జబ్బును నెత్తిన వేసుకున్నట్టే. తీవ్రమైన హెపటైటిస్, పైత్యరసం దారి మూసుకుపోవడం, గుండె బలహీనతతో కాలేయంలో రక్తం నిలవడం కూడా అంకెను పెంచుతాయి. కడుపులో నీరు చేరినవారిలో ఆ అల ద్రవాన్ని దాటలేదు కనుక ఫైబ్రోస్కాన్ పనికిరాదు. స్థూలకాయులకు లోతుగా అందే ఎక్స్‌ఎల్ ప్రోబ్ వాడతారు.

గట్టిదనానికి కారణం ఏమిటో యంత్రం చెప్పదు. దానికి రక్తపరీక్షలు, కొన్నిసార్లు బయాప్సీ కావాలి. కాలేయంలో గడ్డలనూ ఇది వెతకదు. అందుకే సిరోసిస్ నిర్ధారణ అయినవారు క్యాన్సర్‌ను ముందే పట్టుకోవడానికి ఆరు నెలలకోసారి మామూలు అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించుకుంటూనే ఉండాలి.