స్లేటు అనే మాట, స్లేటు అనే రాయి

పిల్లలూ, ఇవాళ స్లేటు సంగతి చెప్పుకుందాం. ఇంగ్లీషులో అయిదక్షరాల మాటే గానీ, దానికున్న అర్థాలు చూస్తే తల తిరుగుతుంది. ఒక సినిమా ‘స్లేట్’ అయిందని అమెరికా పేపర్లో చదివితే విడుదల తేదీ ఖరారైందని అర్థం. అదే మాట లండన్ పేపర్లో వస్తే విమర్శకులు ఆ సినిమాని ఉతికి ఆరేశారని! అమెరికా ఎన్నికల్లో ఒక పార్టీ నిలబెట్టిన అభ్యర్థుల జాబితా కూడా స్లేటే. బ్రిటన్ సారాకొట్టులో ‘స్లేటు మీద రాసుకో’ అన్నారంటే అప్పు పెడుతున్నారన్నమాట. షూటింగులో సీను నంబరు రాసి క్లాప్ కొట్టే పలకా స్లేటే. పాత లెక్కలన్నీ వదిలేసి కొత్తగా మొదలుపెట్టడం ‘క్లీన్ స్లేట్’.

మరి ఈ మాట పుట్టిందెక్కడ? పాత ఫ్రెంచిలో ‘ఎస్‌క్లాట్’ అంటే పెచ్చు, చీలిక. అందులోంచే ఇంగ్లీషులోకి రాయి పేరు స్లేటు వచ్చింది, సన్నని చెక్కబద్దకి ‘స్లాట్’ అనే పేరూ వచ్చింది. (దర్శనానికి బుక్ చేసుకునే స్లాటు వేరు, దానికీ దీనికీ చుట్టరికం లేదు.) చూశారా, పేరు పెట్టినవాళ్లు రాయి రంగు చూడలేదు, బరువు చూడలేదు. ఉలి ఆనించి తడితే రేకులుగా విడిపోయే గుణాన్ని పట్టుకున్నారు.

ఆ గుణం రాయికి ఎలా అబ్బిందో తెలియాలంటే పలకల రాయి దొరికే మన మార్కాపురం, కంభం, గిద్దలూరు నేల చరిత్రలోకి పోవాలి. ఇప్పుడు గుక్కెడు నీళ్లకి కటకటలాడే ఈ ప్రాంతం వంద కోట్ల ఏళ్లకు ముందెప్పుడో నీళ్ల అడుగున ఉండేది. మెత్తటి బురద పొర మీద పొరగా పేరుకుని, గట్టిపడి, షేల్ అనే రాయి అయింది. తర్వాత భూమి పైపొర పక్కల నుంచి నొక్కుకుపోయి, రాళ్లు ముడతలు పడ్డాయి. ఇప్పటి నల్లమల కొండల్లో ఆ ముడతలు కనిపిస్తాయి. ఆ ఒత్తిడికి, వేడికి షేల్ స్లేటుగా మారింది. 1872లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ కడప, కర్నూలు రాళ్ల మీద పుస్తకం రాసినప్పుడు వీటిని ‘కంభం స్లేట్లు’ అన్నాడు. ఈ ప్రాంతం అప్పట్లో కర్నూలు జిల్లాలోదే. శాస్త్రగ్రంథాల్లో ఈ రాళ్లకి ఇప్పటికీ కంభం పేరే.

నొక్కితే చీలడం ఏమిటంటారా? సజ్జపిండిలో మునగాకు కలిపి రొట్టె తట్టేటప్పుడు చూడండి. ముద్దలో ఎటుపడితే అటు ఉన్న ఆకులు అరచెయ్యి పడేకొద్దీ ఒకే వాటంగా పడుకుంటాయి. బురదలోని బంకమన్ను ఒత్తిడికి, వేడికి అభ్రకం లాంటి సన్నని రేకులుగా మారుతుంది. ఆ రేకులన్నీ ఒత్తిడికి అడ్డంగా సర్దుకుంటాయి. ఉలి దెబ్బకి రాయి ఆ వాటంలోనే విడుతుంది. 1853లో శాస్త్రజ్ఞుడు హెన్రీ సార్బీ ఈ వివరణ ఇచ్చాడు. రాయిని పారదర్శకమయ్యేదాకా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూసిన ఘనుడాయన. ఆ తర్వాత మరో శాస్త్రజ్ఞుడు జాన్ టిండాల్ ఉత్త మైనాన్ని గట్టిగా నొక్కి, చల్లార్చి, అదీ పొరలుగా చీలుతుందని చూపించాడు.

మిగతా అర్థాల్లో చాలావాటికి మూలం స్లేటుకున్న రెండో గుణం, దాని మీద రాసింది చెరగడం. ఈ రాయి రేణువులు కంటికి ఆననంత సన్నం, సందుల్లేకుండా దగ్గరగా అతుక్కుని ఉంటాయి. బలపం దీనికన్నా మెత్తన. గీస్తే అరిగి, పొడి పైపైనే నిలుస్తుంది. రాయి నీళ్లు పీల్చదు కాబట్టి తడి చేత్తోనో దొండాకుతోనో రుద్దితే గీత పోతుంది. సారాకొట్టు అప్పయినా, అభ్యర్థి పేరయినా, సీను నంబరయినా రాసి చెరిపేసేవే కదా!

ఎన్నో ఊళ్ల పిల్లలు మార్కాపురం పలక మీదే అక్షరాలు దిద్దారు. నోటు పుస్తకాలొచ్చాక పలకకి గిరాకీ తగ్గింది, ఇప్పుడా రాయి గోడలకీ నేలకీ పలకలుగా విదేశాలకు పోతోంది. నీళ్లు పీల్చని గుణం అక్కడా అక్కరకొచ్చింది. అయితే కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిబారతాయి, ఆ జబ్బు సిలికోసిస్. అందుకే తడిపి కోయాలి, ముక్కుకి మంచి మాస్కు కట్టుకోవాలి.

ఈసారి స్లేటు ముక్క దొరికితే దాని ముఖాన్నీ అంచునీ పరీక్షగా చూడండి. రంగు చార ఒకటి అడ్డంగా పోతున్నట్టుంటే అది చాలావరకు తొలినాటి బురద పొర జాడే. ముఖం చీలింది మాత్రం ఆ పొర వెంట కాదు, ఆ తర్వాత పడ్డ ఒత్తిడి చెప్పిన వాటంలో.